సువైద్ బావి – పద్నాలుగో వారం: మూడు రోజులూ, మూడో వంతూ

జుమాన్ బిన్ నాసర్ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. సల్మీన్ కడుపుమంటంతా అదే.

అబద్ధమాడినవాణ్ణి నిలదీయొచ్చు. దొంగ వస్తే కుక్క మొరుగుతుంది. పట్టపగలు ఒంటె దిగి, సలామ్ చెప్పి, చెప్పులు విడిచి, నీ చాప మీద కూచుని, నీ పళ్ళెంలో చెయ్యి పెట్టి తిని, నీ బావిని నీ నోటితోనే మూట కట్టించుకుని పోయినవాణ్ణి ఏం చేస్తావు? ఏ ఖాజీ దగ్గర మొరపెట్టుకుంటావు? "అయ్యా, ఇంటికొచ్చినవాడికి మర్యాద చేశాను, నా కొంప మునిగింది" అంటే ఖాజీ గడ్డం దువ్వుకుని నవ్వుతాడు.

కిందటి వారం సల్మీన్‌ను బావి గట్టు మీద, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరపు దుమ్ము వైపు చూస్తుండగా వదిలాం. ఆ దుమ్ము పటం గీసే పెన్సిలు దొర జీపుదనుకున్నాడు. కాదు. మూడు ఒంటెలు. ముందు ఒంటె మీద జుమాన్, రాస్ దలీల్ మనిషి.

రెండేళ్ళుగా ఆ బావి దగ్గర సల్మీన్ ఒక్కడే. చిన్నాన్న కొడుకులు చమురు పనికని దమ్మామ్ పోయారు. మిగిలిన డేరాలు ఒకదాని వెనక ఒకటి లేచి కోర్ సఫా తీరానికి దిగిపోయాయి. ఆఖరికి పెళ్ళాం ఉష్బా కూడా కూతురి దగ్గరికి పోయింది. పోయేటప్పుడు రమ్మంది. సల్మీన్ కదల్లేదు. కోర్ సఫా షేక్ నుంచి అప్పటికే కబురుంది: ఇంగ్లీషు దొర ఒకడు బావి బావికీ తిరుగుతున్నాడు, ఇది ఎవరిదని అడుగుతాడు, కోర్ సఫా మనుషులదంటే పటంలో గీత ఇటు గీస్తాడు, రాస్ దలీల్ మనుషులదంటే అటు గీస్తాడు. బావి దగ్గర మనిషుండాలి. మనిషి లేని బావికి నోరుండదు.

"బావి దగ్గర మనిషుండాలే," అన్నాడు సల్మీన్.

"నా దగ్గర మనిషుండక్కర్లేదా?" అంది ఉష్బా. అని, ఆ బావి ఎండేదాకా నీ మొహం చూడనని ఒట్టు పెట్టుకుని గాడిదెక్కింది.

అప్పట్నుంచీ సల్మీన్ బావికి నోరై కూచున్నాడు. కాఫీ గింజలు దంచుకునేటప్పుడు రోలు కింద గోనెపట్టా మడిచి వేసేవాడు. రోలు మోగితే పక్క డేరాలవాళ్ళు కాఫీకి రావాలి, అది పిలుపు. రావడానికి ఎవరూ లేనప్పుడు రోలు మోగించడం, మనిషి తనలో తాను మాట్లాడుకోవడం లాంటిది. ఒకసారి మొదలైతే ఆగదు.

జుమాన్ ఒంటె దిగిన శనివారం, పొద్దెక్కుతుండగా, ఆ గోనెపట్టా తీసి అవతల పారేశాడు.

"ఒరే దల్మూక్ కొడకా! బతికే ఉన్నావా? దారిలో రాబందులు ఎదురైతే నీ దగ్గర్నుంచే వస్తున్నాయనుకున్నా."

"నన్ను తింటే వాటి పళ్ళూడిపోతాయి."

"రాబందులకి పళ్ళెక్కడివిరా?"

"మరి? నన్ను తినే ఊడినయ్."

ముక్కూ ముక్కూ తాకించి పలకరించుకున్నారు. జుమాన్ గడ్డం తెల్లబడింది. ఎడమ చెయ్యి పట్టుకుంటే అరచేతిలో అడ్డంగా మచ్చ తగిలింది. అలాంటి మచ్చే సల్మీన్ చేతిలోనూ ఉంది. ముప్పై అయిదేళ్ళ కిందట ఈ బావి తవ్వేటప్పుడు ఒకే తాడు లాగిన చేతులవి. తొమ్మిదో బార లోతున ఇసుక కూలి సల్మీన్ అన్న సువైద్ అడుగున ఉండిపోయినప్పుడు, తాడు వదలకుండా అరచేతులు కోసుకుపోయేదాకా లాగిన పిల్లలిద్దరు. తాడు చివర ఏమీ రాలేదు. ఆ తర్వాత తండ్రి దల్మూక్ ఇంకో రెండు బారలు తవ్వించి, నీళ్ళు పడ్డాక, ఆ నీళ్ళకి కొడుకు పేరు పెట్టాడు.

ఆ దేశంలో బావిని బావి అనరు. నీళ్ళు అంటారు. సువైద్ నీళ్ళు, ఫలానావాడి నీళ్ళు. ఇంకో అలవాటుంది. అతిథి మొదటి గుక్క తాగి, గిన్నె కింద పెట్టి, "ఈ నీళ్ళెవరివి?" అని అడుగుతాడు. ఇంటాయన "నీవి, నీ అయ్యవి" అనాలి. పిల్లలకి నడక నేర్పినప్పుడే ఈ మాట కూడా నేర్పుతారు. తుమ్మినప్పుడు వచ్చే దీవెన ఎంతో, ఇదీ అంతే.

జుమాన్ తాగాడు. అడిగాడు.

సల్మీన్ నోరు తెరిచాడు. మాట వెంటనే రాలేదు. ఆ మాట చెప్పడానికి రెండేళ్ళుగా మనిషి దొరకలేదు మరి.

"నీవి," అన్నాడు. "నీ అయ్యవి."

అంతటితో ఆగాడా? మందలో మిగిలినవి మూడు మేకలు. వాటిలో పాలిచ్చేదాన్ని కోశాడు. జుమాన్ వెంట వచ్చిన ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "వద్దురా, పాల మేక," అని జుమాన్ చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టుకోవడం నిజమే, నాటకం కాదు. "కూచో, నా పరువు తియ్యకు," అన్నాడు సల్మీన్. ఆ రోజూ, మర్నాడు ఆదివారమూ ఇద్దరూ చిన్నప్పటి సంగతులు చెప్పుకుని పగలబడి నవ్వారు. ఎవరి ఒంటె ఎవరిని తన్నిందీ, ఎవరి మేనత్త ఎవరిని చెప్పుతో కొట్టిందీ. సల్మీన్ దవడలు నొప్పెట్టాయి. అన్నాళ్ళు వాడకపోతే నవ్వు కూడా కాళ్ళలాగే పట్టేస్తుంది.

సోమవారం పొద్దున్న జీపొచ్చింది.

పెన్సిలు దొర వయసులో చిన్నవాడు. మెడ ఎర్రగా కాలిపోయింది, ముక్కు మీద తోలు ఊడుతోంది. అసలు పేరు ఎవరికీ నోరు తిరగదు. చెవి మీద పెన్సిలు, చేతిలో అట్ట పుస్తకం, చంకలో చుట్టిన పటం. ఎక్కడ కూచున్నా ముందు చాకుతో పెన్సిలు చెక్కుతాడు. వెనకాలే మున్షీ గానిం దిగాడు, కోర్ సఫా బజారువాడు, బొజ్జ ముందూ తను వెనకా. దొరకి మాటలు తిరగజెప్పడం అతని కొలువు. కానీ దొర పుస్తకాల్లో అరబీ చదువుకుని వచ్చాడు. పలికే ప్రతి ముక్కా మసీదులో ఉపన్యాసంలా ఉంటుంది. అందుకని గానిం పని చాలావరకు తలాడించడమే.

జమ్మిచెట్టు నీడన చాప పరిచి, సల్మీన్ వాళ్ళకి కాఫీ పోశాడు. దొర మఠం వేసుకోబోయి మోకాలు పట్టేసి, చివరికి ఒంటె పిల్లలా కాళ్ళు ఒక పక్కకి మడుచుకున్నాడు. చెక్కిన పెన్సిలు పొట్టు చాప మీద పడింది.

"ఓ ఈ స్థలమందలి పెద్దలారా," అన్నాడు దొర. "ఈ బావి ఎవరికి చెందియున్నది?"

జుమాన్ మనుషులిద్దరూ కిసుక్కుమన్నారు. సల్మీన్ గడ్డం సర్దుకున్నాడు. ఈ ఒక్క ప్రశ్న కోసమే రెండేళ్ళు కూచున్నాడు. జవాబు వందసార్లు బావిలోకి వంగి చెప్పుకుని చూసుకున్నాడు: దల్మూక్ తవ్వించాడు, సువైద్ చచ్చిపోయాడు, నేను కాపలా ఉన్నాను, కోర్ సఫా షేక్‌కి మా జకాత్ పన్ను కడతాం. నాలుగు ముక్కలు. కానీ చాప మీద అతిథి ఉండగా ఇంటాయన ముందు నోరు విప్పకూడదు. మర్యాదకి జుమాన్ వైపు చూశాడు, నువ్వు ముందు ఏదో ఒకటి అను, తర్వాత నేనంటా అన్నట్టు.

"నేను అతిథిని దొరా," అన్నాడు జుమాన్. "ఇంటాయన్ని అడగాలి. ఆయన తరఫున నేనే అడుగుతా."

నీళ్ళ గిన్నె తీసుకున్నాడు. నిదానంగా ఒక గుక్క తాగాడు. గిన్నె కింద పెట్టాడు.

"సల్మీనూ, ఈ నీళ్ళెవరివి?"

"నీవి, నీ అయ్యవి," అన్నాడు సల్మీన్.

అనేశాక పెన్సిలు చప్పుడు వినిపించింది. కాగితం మీద ఎండుటాకు ఈడ్చినట్టు, చిన్న చప్పుడు. దొర తలొంచుకుని రాస్తున్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. సల్మీన్ నోరు జారలేదు. ఉండవలసిన చోటే ఉంది, అనవలసిన మాటే అంది.

"దొరా, అది..." అని ఆగిపోయాడు.

జుమాన్ అరచెయ్యి చాపి దొరకి మచ్చ చూపించాడు. "ఈ నీళ్ళు తవ్విన రోజున తాడు లాగిన చెయ్యి ఇది. తాడు గుర్తు. అవునా సల్మీనూ?"

అవును. కాదని ఎలా అంటాడు?

"అవును," అన్నాడు సల్మీన్.

దొర అదీ రాశాడు. తలెత్తి సల్మీన్‌ని చూశాడు. మరీ గుడ్డివాడేం కాదు, ఏదో తేడా ఉందని కళ్ళకి తెలిసింది. "నీవు పలికిన వాక్యమును నేను లిఖించితిని. అది సత్యమా, అసత్యమా? ఒక్క మాట."

ఒక్క మాట. ఎదురుగా తన చాప మీద, తన ఉప్పు తిన్న మనిషి కూచున్నాడు. తిన్న ఉప్పు కడుపులో ఉండేది మూడు రోజులూ, నాలుగో రోజులో మూడో వంతూ. అంతవరకూ అతిథి మాటకి ఎదురు చెప్పకూడదు, ఇచ్చింది నాది అనకూడదు, ఎప్పుడు పోతావని అడగకూడదు. దల్మూక్ ఒకసారి ఇంటికొచ్చిన శత్రువుకి తన ఒంటెనిచ్చి పంపి, నాలుగో రోజున దాని కోసం యుద్ధానికి పోయాడు. ఆ కథ చెప్పే సల్మీన్‌కి పిల్లప్పుడు అన్నం తినిపించేవాళ్ళు.

"అతిథి లేచాక చెబుతా దొరా."

"అతిథి ఎప్పుడు లేచును?"

"శనివారం పొద్దెక్కి వచ్చాడు. రేపు పొద్దుగూకాక చెబుతా."

దొర గడియారం చూసుకున్నాడు. "నేడు సాయంకాలము సముద్రతీరమున పడవ నాకై వేచియున్నది."

"ఒక్క రోజు ఉండు. నా దగ్గర ఇంకా రెండు మేకలున్నయ్."

దొరకి నవ్వొచ్చింది. మంచి నవ్వే. లంచమనుకున్నాడో ఏమో, తల అడ్డంగా ఊపాడు.

ఒక దారి మిగిలింది. అతిథి తనంతట తాను లేస్తే కట్టు తెగిపోతుంది. కాఫీ చాలనుకున్నవాడు కప్పు ఒకసారి అటూ ఇటూ ఊపి ఇస్తాడు, ఊపితే లేస్తున్నానని. ఊపకుండా చాపితే మళ్ళీ పొయ్యాలి. సల్మీన్ జుమాన్ చేతిలో కప్పునే చూస్తున్నాడు. ఊపరా. చిన్నప్పుడు ఒకే తాడు లాగాం. ఊపు.

జుమాన్ కప్పు చాపాడు. చెయ్యి కదల్లేదు.

సల్మీన్ పోశాడు. చెంబు మూతికి కప్పు తగిలి టక్కుమంది.

దొర పటం విప్పి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, ఒక గీత గీశాడు. జమ్మిచెట్టుకి తూర్పున గీయవలసిన గీత. వాగుకి పడమర గీశాడు, బావి రాస్ దలీల్ వైపు పడేలా. వెంట్రుకంత గీత.

జీపుకి నీళ్ళు కావాలన్నారు. ఎవరు తోడతారు? ఇంటాయనే. తోలు బొక్కెన ఎనిమిదిసార్లు దించి ఎనిమిదిసార్లు లాగి పోశాడు సల్మీన్. జీపు గటగటా తాగింది. దొర టోపీ తీసి, ఎంతో మర్యాదగా, "నీ జలమునకు కృతజ్ఞుడను" అన్నాడు.

జుమాన్‌తో అన్నాడు.

బండెక్కబోతూ మళ్ళీ ఏమనుకున్నాడో సల్మీన్ వైపు తిరిగాడు. "నీవు ఇచ్చట ఏకాకిగా ఎట్లు జీవించుచున్నావు?" రెండేళ్ళలో సల్మీన్‌ని ఆ మాట అడిగినవాడు ఆ దొరొక్కడే. జవాబు కోసం ఆగాడు కూడా. సల్మీన్ ఖాళీ బొక్కెన పట్టుకుని నిలబడ్డాడు. జవాబు ఎప్పుడూ నేర్చుకోలేదు. నేర్చుకున్న నాలుగు ముక్కలూ వేరే ప్రశ్నవి.

గానిం మాత్రం ఒంటేలుకన్నట్టు జీపు వెనక్కి పోయి, సల్మీన్‌ని కళ్ళతో పిలిచాడు.

"నీకు తెలుసు," అన్నాడు సల్మీన్. "అది మర్యాద మాటని నీకు తెలుసు. ఒక్క ముక్క అనొచ్చుగా!"

"అడగని మాట చెప్పడానికి నాకు జీతం లేదయ్యా. దొరకి అరబీ వచ్చని దొర నమ్మకం. ఆ నమ్మకం మీద నా ఆరుగురు పిల్లలు అన్నం తింటున్నారు." గానిం వంగి టైరు చూస్తున్నట్టు నటించాడు. "విను. ఇది పెన్సిలు రాత. పన్నెండు రోజుల్లో కోర్ సఫా కచేరీలో దీని మీద సిరా పడుతుంది. పడ్డాక దేవుడు కూడా చెరపలేడు. ఈలోపు సాక్షిని తీసుకురా. మీలో న్యాయం ఏమిటి? తవ్వే పనివాళ్ళకి కూడు ఎవరు పెడితే నీళ్ళు వాళ్ళవే, అవునా? ఎవరి గింజలు వండారో చెప్పే మనిషి కావాలి. ఆ ముక్క దొర పుస్తకంలో కూడా ఉంది, నేనే రాయించా."

"ఎవరున్నారు? అయ్య పోయాడు. అమ్మ పోయింది. సువైద్ ఇందులోనే పోయాడు. మిగిలింది నేనూ, వాడూ."

"తిన్నవాళ్ళ సంగతి కాదయ్యా. వండిందెవరు?"

జీపు కదిలింది. దుమ్ము చాలాసేపు నిలబడింది.

మంగళవారం పొద్దున్న జుమాన్ బావి గట్టు మీదకొచ్చి పక్కన కూచున్నాడు. ఇద్దరి కాళ్ళూ లోపలికి వేలాడుతున్నాయి, పిల్లలప్పటిలా.

"తిట్టరా," అన్నాడు జుమాన్.

"ఇవాళ పొద్దుగూకేదాకా తిట్టకూడదు."

"అదీ నిజమే." జుమాన్ చిన్న రాయి లోపలికి వదిలాడు. బుడుంగుమనడానికి చాలాసేపు పట్టింది. "మా నీళ్ళు ఉప్పయినయ్. నిరుడు నుంచీ. ఒంటెలు కూడా మూతి తిప్పుకుంటున్నయ్. నలభై మందిమి. నువ్వొక్కడివి. ఒక్కడికి ఇన్ని నీళ్ళెందుకు?"

"అడిగితే ఇవ్వనా?"

"ఇస్తావు. నువ్వు ఇస్తావనే నా బాధ. రేపూ అడగాలి, ఎల్లుండీ అడగాలి. నా కొడుకు నీ దాయాదుల కొడుకుల్ని అడగాలి. దమ్మామ్ నుంచి వాళ్ళు డబ్బుతో వస్తారు, గడియారాలు పెట్టుకుని. వాళ్ళిస్తారా? మా షేక్ ఒక్కటే చెప్పాడు. దొర అడిగే రోజున నువ్వా చాప మీద కూచునుంటే చాలు, అబద్ధం ఆడక్కర్లేదన్నాడు." ఇంకో రాయి వదిలి, "రాత్రుళ్ళు నేనే ఆలోచించా, ఏం అడగాలో. అది షేక్ చెప్పలేదు. నాదే."

"మేక తినేటప్పుడు కూడా అదే ఆలోచిస్తున్నావా?"

"మేక తినేటప్పుడు ఆలోచించలేదురా. ఆ రెండు రోజులూ నిజంగానే నవ్వా."

ఆ మాట అనకపోయినా బాగుండేది. అన్నీ దొంగవే అయితే అన్నిటినీ కలిపి పారెయ్యొచ్చు. కొంత నిజముండేసరికి సల్మీన్‌కి ఏం పారెయ్యాలో తెలీలేదు.

"నువ్వు పోనక్కర్లేదు," అన్నాడు జుమాన్ లేస్తూ. "ఇక్కడే ఉండు. మా పిల్లలొస్తారు, ఆడవాళ్ళొస్తారు, రోలు మోగుతుంది. ఒక్కడివే ఇలా ఎండి చావకు. మాకు అతిథివిగా ఉండు."

"ఎన్ని రోజులు?" అన్నాడు సల్మీన్. "మూడు రోజులూ, మూడో వంతా?"

జుమాన్ ముక్కు తాకించడానికి వంగాడు. సల్మీన్ తాకించాడు. పొద్దుగూకలేదు మరి.

వాళ్ళు పోయాక సల్మీన్ ఇసుకలో కర్ర పాతి, నీడ చూస్తూ కూచున్నాడు. నీడ పొడుగై, పల్చనై, ఇసుకలో కలిసిపోయింది. అప్పుడు లేచి, జుమాన్ కూచున్న చాప దులిపి, చుట్టి, బావి మీదికి వంగాడు.

"ఈ నీళ్ళు నావి," అన్నాడు గట్టిగా. "నా అయ్యవి."

"నావి," అంది బావి.

ఇంకెవరూ విన్లేదు.

మిగిలిన రెండు మేకల్నీ తాడుకి కట్టి, తెల్లవారకముందే తీరం దారి పట్టాడు. రెండేళ్ళలో మొదటిసారి సువైద్ నీళ్ళ దగ్గర మనిషి లేడు. రెండు రోజుల నడక. దారి పొడుగునా ఒక లెక్కే నోట్లో ఆడింది. చెట్ల లెక్క. ఆ లెక్క మీద మొగుడూ పెళ్ళాల మధ్య ఇరవై ఏళ్ళ తగువుంది. బావి పక్క తోటలో ఖర్జూరాలు సల్మీన్ లెక్కపెడితే ముప్పై ఎనిమిది. ఉష్బా పెడితే ముప్పై తొమ్మిది. తేడా పోతు చెట్టు దగ్గర. అది కాయదు. ఏటా దాని పూత కోసి ఆడచెట్ల మీద దులపాలి, అంతవరకే దాని పని. "కాయనిదాన్ని లెక్కలో ఎట్లా వేస్తావే?" అనేవాడు. "అది లేకపోతే ముప్పై ఎనిమిదీ గొడ్డువే. అయినా ఈ ఇంట్లో నిన్ను లెక్కలో వెయ్యడం లేదూ?" అనేది. పోయిన రెండు వసంతాలూ సల్మీనే చెట్టెక్కి పూత కోశాడు. ఎక్కినప్పుడల్లా కింద ఎవరో తాడు పట్టుకున్నట్టే ఉండేది. తలొంచి చూస్తే ఇసుక.

కోర్ సఫాలో ఎండుచేపల వాసన. ఖర్జూరపు మట్టలతో అల్లిన ఇళ్ళు, ఇంటికీ ఇంటికీ నడుమ చెయ్యి దూరనంత సందు. కూతురి ఇల్లు కనుక్కునేసరికి గురువారం ఎండ వాలింది. కూతురు చేపల కోసం ఒడ్డుకి పోయినట్టుంది. మట్టల గోడ వెనకాల బియ్యం చెరుగుతున్న చేట చప్పుడు. ఆ చెరుగుడు ఎవరిదో సల్మీన్‌కి చెప్పక్కర్లేదు.

"ఎవరది?"

"నేను."

చేట ఆగింది.

"నీళ్ళు ఎండినయ్యా?" అంది ఉష్బా.

"ఎండలేదు."

"అయితే నా ఒట్టు ఒట్టే. అక్కడే నిలబడి చెప్పు, ఏం చెప్పాలో."

"నీళ్ళు పోయినయ్, ఖల్ఫాన్ కూతురా," అన్నాడు, పెళ్ళాన్ని ఆమె తండ్రి పేరుతో పిలుస్తూ.

"ఎండలేదన్నావుగా."

"ఎండలేదు. పోయినయ్."

చెప్పాడు. జుమాన్ వచ్చింది, దొర వచ్చింది, కప్పు ఊపనిది, గీత పడమర పడింది. చెబుతూ గోడకి అంటుకుని నిలబడ్డాడు. మట్టల సందుల్లోంచి ఆమె నీలం బట్ట చెంగు కొంచెం కనబడుతోంది. మొహం కనబడదు.

"ఏ మేకని కోశావు?"

"పాలిచ్చేదాన్ని."

"నేను పెంచినదా?"

"నువ్వు పెంచినదాని కూతురు."

"నేనున్న ముప్పై ఏళ్ళలో నాకోసం ఒక మేక పిల్లని కోశావా?"

"నువ్వు అతిథివి కాదుగా."

"కాను. అతిథినయితే ఎంత బాగుండేది! నీళ్ళు నీవి, నీ అయ్యవి అనేవాడివి." లోపల్నుంచి పొడి నవ్వు. "అంత తెలివితక్కువగా ఎట్లా అన్నావయ్యా, దొర ముందు?"

సల్మీన్ మట్టల గోడకి నుదురు ఆనించాడు. "ఆ మాట అనడానికి రెండేళ్ళుగా ఎవరూ రాలేదే. వాడు అడగ్గానే ఎంత సంతోషమేసిందో. రెండోసారి అడిగినా అంతే సంతోషమేసింది. దొరున్నాడన్న సంగతే మర్చిపోయా."

సందులో ఎవరో గాడిదని తోలుకుపోయారు. సముద్రం వైపునుంచి పడవవాళ్ళ కేకలు.

"తవ్వినవాళ్ళకి వండింది నువ్వు," అన్నాడు సల్మీన్. "అమ్మా, నువ్వూ. నీకప్పుడు పదిహేనేళ్ళు, మన పెళ్ళి ఇంకా కాలేదు. ఎవరి గింజలో నీకు తెలుసు. దొర ముందు ఒక్క మాట చెబితే చాలు. ఇంకా తొమ్మిది రోజులుంది. చెప్పాలంటే నా వెంట రావాలి. వస్తే మొహం కనబడుతుంది. ఒట్టు పోతుంది. అందుకని రమ్మని అడగను. సంగతి చెప్పిపోదామని వచ్చా."

"రెండు రోజులు నడిచొచ్చి, అడగవా?"

సల్మీన్ మేకల తాడు చేతికి చుట్టుకున్నాడు.

"సరే," అంది ఉష్బా, గొంతులో ఏమీ తెలియనివ్వకుండా. "ఏమేం పోయినయ్యో సరిగ్గా చెప్పు. ఒక్కటీ తప్పకుండా."

సల్మీన్ వెనక్కి జరిగి, దొర ముందు నిలబడినట్టు నిలబడ్డాడు.

"సువైద్ నీళ్ళు, పదకొండు బారల లోతు. తోలు బొక్కెన, గిలక. నిమ్మ చెట్లు రెండు. తూర్పున జమ్మిచెట్టు నుంచి పడమర వాగు ఒడ్డు దాకా నేల, రెండువందల నలభై అడుగులు. ఖర్జూరాలు ముప్పై ఎనిమిది."

మట్టల వెనక చేట కింద పెట్టిన చప్పుడయింది.

"ముప్పై తొమ్మిది," అంది ఉష్బా.